రాళ్ల చెల్కలో పాత రెక్క నాగలి

ప్రశ్న: మాది రాళ్లున్న ఎర్ర చెల్క. ట్రాక్టరుకు తగిలించే పాత రెక్క నాగలితో దున్నుతుంటే షియర్ బోల్టు మాటిమాటికీ తెగిపోతోంది. దాని బదులు గట్టి బోల్టు బిగించవచ్చా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: బిగించకండి. కర్రు రాతికి తట్టుకున్నప్పుడు తాను తెగి నాగలిని కాపాడటమే ఆ బోల్టు పని. గట్టిది వేస్తే దెబ్బంతా బీము (నాగలి ప్రధాన దూలం) మీద పడి అది వంగిపోతుంది, లేదా నాగలిని ట్రాక్టరుకు కలిపే లింకేజీ విరుగుతుంది. తయారీదారు సూచించిన సైజు, గ్రేడు బోల్టులనే కొన్ని వెంట ఉంచుకోండి.

తరచూ తెగుతోందంటే ముందు బోల్టు రంధ్రాలను చూడండి. పాత నాగళ్లలో అవి అరిగి కోలగా మారతాయి. అప్పుడు బోల్టు లోపల ఆడుతూ చిన్న రాయికే తెగుతుంది. వెల్డరు చేత పూడ్పించి, సరైన కొలతకు మళ్లీ తొలిపించాలి. కర్రు మొన మొద్దుబారినా లాగుడు బరువు పెరుగుతుంది కనుక దాన్ని మార్చండి. లోతు తగ్గించి, తక్కువ గేరులో నిదానంగా దున్నండి. మలుపుల్లో నాగలిని పూర్తిగా ఎత్తాకే తిప్పండి.

బోల్టు మార్చేటప్పుడు ఇంజను ఆపి నాగలిని నేలకు దించాలి. హైడ్రాలిక్‌ను నమ్మి, ఎత్తిన నాగలి కిందికి దూరడం ప్రాణాంతకం.

రాళ్లు మరీ ఎక్కువైతే, తిరుగుతూ రాతి మీదుగా దొర్లిపోయే డిస్కు నాగలిని అద్దెకు తెచ్చుకోవడమే మేలని మా అభిప్రాయం.