పీహెచ్‌డీ ఏ సబ్జెక్టులో? మేనకోడలికి ఓ ఉత్తరం

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయింది, పీహెచ్‌డీ చేయాలనుంది, అదీ పళ్లూ ఎముకలూ పాడుచేసే నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల మీదే చేయాలనుంది, కానీ ల్యాబ్‌లో ఉండి చేయాలా, ఊళ్లకి వెళ్లి జనంతో మాట్లాడే సోషల్ సైన్స్ వైపు రావాలా అన్నది తేలడం లేదు. మధ్యలో మీ నాన్న "చదివిన సైన్స్ వదిలేసి ఫారాలు నింపుకుంటూ తిరుగుతావా" అంటున్నాడు. నేను ఎకనామిక్స్‌లో చేరినప్పుడూ అన్నయ్య ఇలాంటి మాటే అన్నాడు, నేను పాఠాలు చెప్పి రిటైరయ్యాక కూడా దాన్ని వెనక్కి తీసుకోలేదు. దానికి టెన్షన్ పడకు.

మీ మామయ్య ఉద్యోగమంతా మట్టి పరీక్షల ల్యాబ్‌లో గడిచింది, నాది ఊళ్లలో సర్వేలతో. రెండు రకాలూ దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెప్తున్నా, సబ్జెక్టుకి బయట ఉన్న గౌరవం చూసి ఎంచుకోకు. మూడో ఏడాదిలో, మొదటి ఉత్సాహం చల్లారాక, ఓ మామూలు మంగళవారం నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తూ ఉంటావో అది చూసి ఎంచుకో. బయటికి అన్నీ పీహెచ్‌డీలే, లోపల చేసే పనులు మాత్రం ఒకదానికొకటి సంబంధం లేనివి.

నీ ఫ్లోరైడ్ సంగతే తీసుకో. బోరు నీళ్లు ఓ సీసాలో పట్టుకొచ్చి ఎవరి ముందు పెడతావన్నదాన్ని బట్టి ప్రశ్న మారిపోతుంది. కెమిస్ట్రీ వాళ్లు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములుంది, ఎలా తీసేయాలి అంటారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని పేరే ఉంది, నాగ్‌పూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు తయారుచేశారు. జియాలజీ వాళ్లకి నీళ్లకంటే రాయి ముఖ్యం: అక్కడి గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలేమిటి, బోరు లోతుకి పోయేకొద్దీ నీళ్లు ఆ రాతిలో ఎంతకాలం నిలిచాయి, కాల్షియం తక్కువున్న చోట ఫ్లోరైడ్ ఎందుకు పెరుగుతోంది. పోషకాహారం వాళ్లు ఏం తింటున్నారని అడుగుతారు. 1970ల్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్లు నల్గొండ వైపు మోకాళ్లు లోపలికి వంగిపోయినవాళ్లని చూసి, ఇది నీళ్ల పనేనా, జొన్న తిండికి కూడా సంబంధం ఉందా అని వెతికారు. నాలాంటి ఎకనామిక్స్ వాళ్లు కీళ్లు పట్టేసిన మనిషికి ఎన్ని కూలి రోజులు పోయాయో లెక్క వేస్తారు. సోషియాలజీ వాళ్లు ఆ ఇంటి అమ్మాయికి సంబంధాలు వస్తున్నాయా, కుళాయి ఊళ్లో ఏ వాడకి ముందు పడింది అని చూస్తారు. పొలిటికల్ సైన్స్ వాళ్లకి 1996 లోక్‌సభ ఎన్నికలే చాలు. ఈ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నల్గొండ సీటుకి 480 మంది పోటీకి దిగారు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడింది. ఇక దేశంలో ఫ్లోరోసిస్‌ని, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బుని, మొదట నమోదు చేసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలో. మరి ఫ్లోరైడ్ అనగానే అందరికీ నల్గొండే ఎందుకు గుర్తొస్తుంది, అప్పట్లో ఆ జిల్లాలోనే ఉన్న కనిగిరి వైపు ఎందుకు గుర్తురాదు? ఇది చరిత్ర వాళ్ల ప్రశ్న. నాకైతే అన్నిట్లోకీ ఇదే నోరూరించే ప్రశ్న. కానీ నల్గొండ వైపు పాత కాగితాల కోసం తార్నాకలోని ఆర్కైవ్స్‌లో కూర్చోవాలంటే ఉర్దూ, ఇంకా వెనక్కి వెళ్తే ఫార్సీ కావాలి, అది నేర్చుకోడానికే ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు ఆ మంగళవారం సంగతి. ల్యాబ్ నీకు కొంత తెలుసు, కానీ ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్ వేరు. ఫ్లోరైడ్ గాజుని పట్టుకుంటుందని శాంపిల్స్ ప్లాస్టిక్ సీసాల్లో తెచ్చుకుంటావు. పొద్దున్నే ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌ని తెలిసిన ద్రావణాలతో క్యాలిబ్రేట్ చేయాలి, ప్రతి శాంపిల్‌లో టైసాబ్ అనే బఫర్ ద్రావణం కలపాలి, లేకపోతే అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్ లెక్కలోకి రాదు. రీడింగ్ నిలబడేదాకా ఆగాలి, రాసుకోవాలి, కడగాలి, తుడవాలి, ఇంకో సీసా. మధ్యాహ్నం మళ్లీ స్టాండర్డ్ పెట్టి చూస్తే రీడింగ్ జరిగి ఉంటుంది, పొద్దున చేసినదంతా మొదటికొస్తుంది. విసుగే, కానీ తప్పు జరిగిందో లేదో ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది, పక్క బల్ల దగ్గర ఇంకో నలుగురుంటారు, టాపిక్ చాలాసార్లు గైడు ప్రాజెక్టులోంచే వస్తుంది, పేపర్ మీద అయిదారు పేర్లుంటాయి. ఇలా పదిమందిలో ఉండి పనిచేయడం ఇష్టమైనవాళ్లకి ల్యాబ్ బాగుంటుంది.

ఊళ్లో పొద్దున తొమ్మిదింటికి దిగావంటే ఇళ్లకి తాళాలే కనపడతాయి, అందరూ పత్తి ఏరడానికి పోయుంటారు. తెల్లారకముందో, దీపాలు పెట్టాకో వెళ్లాలి. "ఇంట్లోకి నీళ్లెవరు తెస్తారు" అని అడిగితే ఇంటాయన మంచం మీద కూర్చుని "మేమే తెచ్చుకుంటం" అంటాడు, లోపల ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు నీ ఫారంలో ఏ గడిలోనూ పట్టదు. దాన్ని పట్టుకోవాలంటే మర్నాడు ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మళ్లీ వెళ్లాలి. "దీంతోని మాకేమొస్తది, పింఛన్ పెరుగుతదా" అని ప్రతి ఇంట్లో అడుగుతారు. పెరగదని, నా చదువు కోసమే అడుగుతున్నానని సూటిగా చెప్పి, అయినా కూర్చోబెట్టి మాట్లాడించగలగాలి. ఒక గంట మాటల్ని కాగితం మీదికి ఎక్కించడానికి పూటంతా పడుతుంది. నువ్వు చేస్తున్నది సరైనదో కాదో రెండేళ్లదాకా తెలియకపోవచ్చు, థీసిస్ మీద నీ పేరొక్కటే ఉంటుంది, ఒంటరితనం ఎక్కువ. మనుషులతో మాట్లాడ్డం ఇష్టమని ఇటు వచ్చి, తీరా రాసే ఏడాదిన్నరా గదిలో ఒక్కరే కూర్చోలేక మానేసినవాళ్లని చూశాను.

సోషల్ సైన్స్ తేలికనుకుని మాత్రం రాకు. రెండొందల ఫారాలు నింపించి, శాతాల పట్టికలు వేసి, చివర్లో "ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి" అని రాసిన థీసిస్‌లు బోలెడున్నాయి. సైన్స్‌లో ఇలాంటివి లేవా అంటే అక్కడా ఉన్నాయి, లోహం మార్చి ఓ పేపర్, మళ్లీ లోహం మార్చి ఇంకో పేపర్. మీ నాన్నకి ఈ ముక్క చదివి వినిపించు.

రెండూ కలిపి చేస్తానంటావేమో. మంచి ఆలోచనే, మన దగ్గర జరిగింది కూడా. 1951-52లో శామీర్‌పేట ఊరిని ఆంత్రోపాలజిస్టు ఎస్.సి. దూబే అధ్యయనం చేసినప్పుడు ఉస్మానియా నుంచి వ్యవసాయం, పశువైద్యం, వైద్యం వాళ్లు కూడా ఆ బృందంలో ఉన్నారు. అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరుల్లో మొదలుపెట్టి, ఊళ్లోనే మనిషిని ఉంచి, అవే కుటుంబాల లెక్కలు ఏళ్ల తరబడి రాశారు. కానీ గమనించు, అవి బృందాలు, వెనక సంస్థలున్నాయి. ఒంటరి విద్యార్థి థీసిస్ ఒక సబ్జెక్టు వాళ్ల చేతికే పరీక్షకి వెళ్తుంది. సోషల్ సైన్స్ వాళ్లకి కెమిస్ట్రీ భాగం అర్థం కాకపోవచ్చు, కెమిస్ట్రీ వాళ్లకి ఇంటర్వ్యూలు కబుర్లలా అనిపించవచ్చు. అందుకని ఒక సబ్జెక్టుని సొంతిల్లు చేసుకో, రెండోదాన్నుంచి కావలసినంత అప్పు తెచ్చుకో. కెమిస్ట్రీ నుంచి ఇటు రావాలంటే ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఒక దారి, ఐఐటీల్లోని హ్యుమానిటీస్ విభాగాలు ఇంకో దారి. ప్రతిచోటా తీసుకోరు, నోటిఫికేషన్‌లో అర్హత లైను ముందు చదువు. అప్లికేషన్ ఫీజు కట్టాక చదివేవాళ్లే ఎక్కువ.

గైడు విషయం సబ్జెక్టు కంటే ముఖ్యం. ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 దాకా ఉండొచ్చని యూజీసీ 2022 నిబంధనలు. పెద్ద పేరున్న ఆయన దగ్గర ఎనిమిదోదానివి అవుతావా, చిన్న వయసు గైడు దగ్గర రెండోదానివి అవుతావా ఆలోచించు. నేనైతే రెండోదే అంటాను. పాత స్టూడెంట్లని క్యాంటీన్‌కి తీసుకెళ్లి మూడు సంగతులు అడుగు: ఎన్నేళ్లకి సబ్మిట్ చేశారు, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకి చదివి ఇస్తారు, పేపర్ మీద మొదటి పేరు ఎవరిది.

డబ్బు సంగతి. జేఆర్ఎఫ్, అంటే నెట్ పరీక్ష రాసి తెచ్చుకునే ఫెలోషిప్, వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్లయ్యాక 42,000, ఇంటద్దె భత్యం వేరు. నీ కెమిస్ట్రీకి సీఎస్ఐఆర్ నెట్, సోషల్ సైన్స్‌కి యూజీసీ నెట్. జేఆర్ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే ఆ 8,000 ఫెలోషిప్‌తో హైదరాబాద్‌లో బతకడం కష్టం. వచ్చే డబ్బు కూడా నెలనెలా పడుతుందని నమ్మకు, నాలుగు నెలలు గడిపేంత చేతిలో పెట్టుకో. మీ అమ్మ పెళ్లి మాట ఎత్తితే చెప్పు, పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, ఆడపిల్లలకి ఇంకో రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల దాకా ప్రసూతి సెలవు కూడా ఆ యూజీసీ నిబంధనల్లోనే ఉన్నాయి.

ఈ వారం మన యూనివర్సిటీల థీసిస్‌లు దొరికే శోధ్‌గంగ వెబ్‌సైట్ తెరువు, అన్నీ ఉచితమే. ఫ్లోరైడ్ మీద ఒక కెమిస్ట్రీ థీసిస్, ఒక సోషల్ సైన్స్ థీసిస్ దించుకో. ముందు కృతజ్ఞతల పేజీ చదువు, ఎవరు నిజంగా సాయపడ్డారో అక్కడ తెలుస్తుంది. తర్వాత పద్ధతుల అధ్యాయం. ఏది చదువుతుంటే "నేనైతే ఇలా చేసేదాన్ని కాదు" అని గొణుక్కుంటావో నీ మనసు అటు ఉన్నట్టు.

ఆ తర్వాత ఒక్క పేజీ రాసి నాకు పంపు. "నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య: ఒక పరిశీలన" అని పంపావంటే తిప్పి కొడతాను. కృష్ణా నీళ్లు కుళాయిలో వస్తున్నా ఇంకా బోరు నీళ్లే తాగే ఇళ్లు ఉంటే ఎందుకు తాగుతున్నాయి, బోరు నీళ్లతో పండిన కూరగాయల్లోకి ఎంత ఫ్లోరైడ్ ఎక్కుతోంది, ఇలా జవాబు తప్పయ్యే అవకాశం కూడా ఉన్న ప్రశ్న రాయి. ఆదివారం లోపు పంపితే మీ మామయ్య కూడా చూస్తానన్నాడు. ఆయన ఎర్ర పెన్నుతో దిద్దుతాడు, ఏడవకు.

మీ అత్తయ్య