ఊతకర్ర ఏ చేత్తో పట్టుకోవాలి?

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. కుడి మోకాలు అరిగిందన్నారు. ఊతకర్ర కొని కుడి చేత్తో పట్టుకుని నడుస్తున్నాను. నొప్పి తగ్గలేదు సరికదా, భుజం కూడా లాగుతోంది. ఒక్కసారైనా కొండకు నడిచి వెళ్లాలని ఆశ. దగ్గర దారి కాబట్టి శ్రీవారి మెట్టు మీదుగా ఎక్కొచ్చా?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు కర్రను ఎడమ చేతికి మార్చండి. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. నడకలో కుడికాలితో పాటు ముందుకొచ్చేది ఎడమ చెయ్యి. కర్ర ఆ చేతిలో ఉంటే కుడికాలూ కర్రా ఒకేసారి నేలకు ఆని, బరువు పంచుకుంటాయి. కుడి చేతిలో ఉంటే ఒళ్లు కుడివైపుకు ఒరిగి, భారం మళ్లీ ఆ మోకాలి మీదకే వస్తుంది.

భుజం లాగుతోందంటే కర్ర పొడవు ఎక్కువై ఉండొచ్చు. రోజూ తొడుక్కునే చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలేయండి. కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. ఈ కొలత ఇంకొకరు చూడాలి, మీరే వంగి చూసుకుంటే తప్పిపోతుంది. అల్యూమినియం కర్రయితే బొత్తం నొక్కి పక్క కన్నానికి జరపండి. బొత్తం పూర్తిగా బయటికొచ్చిందో లేదో వేలితో తడిమి చూడండి, సగంలో ఆగితే బరువు వేయగానే కర్ర లోపలికి దిగిపోతుంది. చెక్కకర్రయితే అడుగున కోయించాలి, రబ్బరు తొడుగు మందాన్ని కూడా లెక్కలో పట్టండి. తొడుగు అడుగున గీతలు అరిగి నున్నబడితే తడి బండల మీద జర్రున జారుతుంది. కొత్తది కొనేటప్పుడు కర్రనే కొట్టుకు తీసుకెళ్లి బిగువు చూసుకోండి.

మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, తర్వాత కర్రా నొప్పి కాలూ. దిగేటప్పుడు ముందు కర్రా నొప్పి కాలూ, తర్వాత మంచి కాలు. రెండో చెయ్యి కమ్మీ మీద ఉండాలి.

ఇక కొండ సంగతి. శ్రీవారి మెట్టు దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, కానీ ఆ కొద్ది దూరంలోనే 2,388 మెట్లున్నాయి. దగ్గర దారి మోకాలికి తేలిక దారి కాదు. అలిపిరి నుంచి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. మధ్యలో చదును దారి దొరుకుతుంది గానీ పైన మోకాళ్ల పర్వతం ఉండనే ఉంది. ఇప్పటికి రెండూ వద్దు. ముందు తొడల బలం చూసుకోండి. 17 అంగుళాల ఎత్తున్న, చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి, చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకోండి. పక్కన ఒకరుండగా 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీ వయసు మగవారికి 12 కన్నా తగ్గితే బలం చాలనట్టే. పెంచుకునే సాధన కూడా ఇదే: పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ముందుకు వంగి లేవండి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. రోజు విడిచి రోజు, ఎనిమిదేసి చొప్పున రెండు విడతలు. దభాలున కూలబడితే ఫలితం సగం పోతుంది. నొప్పెడితే కుర్చీ మీద దుప్పటి మడిచి వేసి ఎత్తు పెంచండి. కొండ ఎక్కే ముందు మాత్రం మోకాలినీ గుండెనూ డాక్టరుకు చూపించుకుని తీరాలి.

ప్రశ్న: అమ్మకు 76. ఒంటరిగా ఉంటుంది, బీపీ మాత్రలు వాడుతోంది. పొద్దున మంచం దిగగానే కళ్లు తిరుగుతున్నాయని గుడికి కూడా వెళ్లడం మానేసింది.
– ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఐదు నిమిషాలు పడుకోబెట్టాక ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో బీపీ చూడండి. పడుకున్నప్పటి కన్నా పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. మందు మోతాదో వేళో మార్చాల్సి రావచ్చు. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. లేచే ముందు పడుకునే పాదాలు 20 సార్లు కిందికీ పైకీ ఆడించి, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని అప్పుడు దిగమనండి.

తల తిరుగుడు తగ్గాక బయటికి వెళ్లడం మళ్లీ మొదలవ్వాలి. ఇంట్లోనే ఉంటే కాళ్లు ఇంకా బలహీనపడతాయి, భయం ఇంకా పెరుగుతుంది. తొలి వారం పక్కింటావిడతో వీధి చివరిదాకా, తర్వాత గుడిదాకా. అదే వేళకు రోజూ ఇద్దరూ బయల్దేరితే, ఒకరు రాకపోయినప్పుడు రెండోవారు తలుపు తట్టి చూస్తారు. ఒంటరిగా ఉండే మనిషికి అదే పెద్ద రక్షణ. 60 దాటినవారికి ఆర్టీసీ టికెట్లో 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ కార్డు సంచీలో పెట్టండి. ఫోన్లో మొదటి నంబరు మీది, రెండోది ఆ పక్కింటావిడది ఉంచండి.