పొలం అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొనాలా, లోన్ తీసుకోవాలా?

"మావాడికి ఈఏపీసెట్‌లో 72 వేల ర్యాంకు వచ్చింది. బెంగళూరులో కంప్యూటర్ సైన్సు మేనేజ్‌మెంట్ సీటు ఉందట, నాలుగేళ్ళకూ కలిపి 9 లక్షలు. కళ్యాణదుర్గం దగ్గర నాలుగెకరాలుంది. రెండెకరాలు అమ్మమంటారా, బ్యాంకు లోన్ తీసుకోమంటారా?" అని ఒకాయన అడిగారు.

అన్నా, రెండూ వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే ముందు మా నాయన చీనీకాయల (బత్తాయిల) సంచీ సంగతి చెప్పాలి. కొంచెం ఓపిక పట్టండి.

నాది ఫ్రీ సీటు. 2011లో కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి గవర్నమెంటు కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, ఫీజు గవర్నమెంటే కడుతుంది, పైసా ఖర్చు లేదు అని ఊరంతా మా నాయనకు చెప్పారు. ఆయన నమ్మాడు, నేనూ నమ్మాను. చేరిన రోజే బిల్డింగ్ ఫండ్ అన్నారు, బస్సు అన్నారు, ల్యాబ్ కోటు, రికార్డులు, పరీక్ష ఫీజు అన్నారు. అనంతపురం చీనీ మార్కెట్లో టన్నుకు ఇన్ని కిలోలని సూటు పేరుతో ఊరికే తీసుకుంటారు చూడండి, అట్లా. ఎందుకని అడిగితే "అందరూ ఇస్తున్నారు కదా" అంటారు. సరే, అవన్నీ కట్టుకుంటూ నాలుగేళ్ళు గడిపాం.

2015లో బెంగళూరులో ఒక ఉద్యోగం దొరికింది. జీతం 12 వేలు. ఒరిజినల్స్ తీసుకుని ఫలానా సోమవారం రమ్మన్నారు. టెన్త్ మార్కుల లిస్టు నుంచి టీసీ దాకా అన్నీ కాలేజీ బీరువాలో ఉన్నాయి. చేరేటప్పుడు తీసుకున్నారు, మళ్ళీ ఇవ్వలేదు. అప్పట్లో అందరిదీ అదే కథ.

నేనొక్కణ్ణే పోయి తెచ్చుకుంటానంటే మా నాయన వినలేదు. నాలుగేళ్ళు చదివిన చోటికి చివరిసారి పోతూ ఉత్త చేతులతో పోతే బాగుండదని తెల్లవారుజామున తోటలోకి పోయి, ఏరి ఏరి పెద్ద కాయలు కోసి, గోనెసంచీ నిండా నింపాడు. బస్సు దిగాక కాలేజీ గేటు దాకా ఆ సంచీ ఆయన భుజం మీదే. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. మంచి చొక్కా నలుగుతుందట, నాది.

ఆఫీసులో క్లర్కు సంచీ చూసి నవ్వాడు. ఒక కాయ తీసుకుని అక్కడే ఒలిచాడు. తొన తిని "కాయ బాగుంది పెద్దాయనా, ఏ ఊరు?" అన్నాడు. మా నాయనకు అంతే చాలు. ఊరు చెప్పాడు, ఎన్ని చెట్లో చెప్పాడు, ఏ ఏడాది నాటాడో, బోరు ఎన్ని అడుగులకు పోయిందో, మొదటి కాపు ఎప్పుడొచ్చిందో అన్నీ చెప్పాడు. మనిషి మెత్తబడతాడని ఆయన ఆశ. క్లర్కు మొత్తం విన్నాడు. కాయ అయిపోయాక చేతులు తుడుచుకుని రిజిస్టరు తీసి "34,200 బాకీ ఉంది" అన్నాడు.

"రీయింబర్స్‌మెంట్ కదా సార్" అన్నాను.

"గవర్నమెంటు వెయ్యలేదప్పా. వేశాక మీది మీకు వాపసు ఇస్తాం. ఇప్పుడు మీరు కట్టి సర్టిఫికెట్లు తీసుకుపోండి."

మా నాయన ఇంకా నవ్వు మొహంతోనే నిలబడి ఉన్నాడు. మాట అర్థమైంది, మొహం మాత్రం ఇంకా మారలేదు. నాకు ఈ రోజుకీ ఆ మొహమే గుర్తుంటుంది.

అక్కడి నుంచి నేరుగా మార్కెట్ యార్డులో కాయలు కొనే మండీ దగ్గరికి అప్పు కోసం పోయాం. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకు 684. పైగా వచ్చే కాపు ఆ మండీకే వెయ్యాలి. వడ్డీ అయితే కళ్ళకు కనపడుతుంది. అప్పున్న రైతు కాయకు ధర కట్టేటప్పుడు వాళ్ళు టన్నుకు ఎంత తగ్గించారో ఎవరు లెక్క వేస్తారు? మా నాయన వెయ్యలేదు.

ఇంతా చేసి ఎనిమిది రోజులు ఆలస్యంగా చేరాను. టెన్షన్ పడుతూ పోతే ఆలస్యం గురించి అక్కడ ఎవరూ అడగలేదు. నా ఒరిజినల్స్ నలభై రోజుల దాకా ఎవరూ తెరిచి చూడలేదు కూడా.

ఇప్పుడు రూలు ఉంది. ఒరిజినల్స్ చూసుకుని వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి, కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదు అని యూజీసీ 2018లో చెప్పింది. మీరు ఏ కాలేజీకి పోయినా జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి చేతిలోనే పట్టుకుని బయటికి రండి. మొహమాటపడొద్దు.

ఇక మీ బెంగళూరు సీటు. మేనేజ్‌మెంట్ కోటాకు మన రాష్ట్రంలోనే రీయింబర్స్‌మెంట్ లేదు, కర్ణాటక కాలేజీకి అసలే రాదు. 9 లక్షలు ఫీజు మాత్రమే. పీజీ హాస్టల్లో ఉండటానికి నెలకు 8 వేలు, ఏడాదికి పది నెలలు వేసుకున్నా నాలుగేళ్ళకు 3 లక్షల 20 వేలు. ల్యాప్‌టాప్, రానుపోను ఖర్చులు కలిపితే పన్నెండున్నర దాటుతుంది. ఈ సీటు గురించి మీకు చెప్పిన ఏజెంటు ఎవరైనా ఉంటే, ఈ మాట చెప్పి ఉండడు. వాడి కమిషన్ ఎంతో కూడా చెప్పి ఉండడు.

లోన్ అంటారా, బ్యాంకుల మోడల్ స్కీము ప్రకారం ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. చదువు అయిపోయాక ఇంకో ఏడాది దాకా కంతు కట్టక్కర్లేదు. ఇక్కడిదాకా అందరూ వింటారు. వడ్డీ మాత్రం లోన్ డబ్బు మొదటి విడత కాలేజీకి పోయిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. పది శాతం అనుకుంటే, మొత్తం తీసుకున్నాక ఏడున్నర లక్షల మీద ఏడాదికి 75 వేలు. నా మొదటి ఏడాది జీతంలో సగం కంటే ఎక్కువ అది. మేనేజ్‌మెంట్ సీటుకు లోన్ కావాలని చెప్పగానే బ్యాంకు మేనేజరు మొహం ఎట్లా పెడతాడో కూడా ఒకసారి పోయి చూడండి.

అట్లా బెంగళూరులో సీటు కొనుక్కుని బాగుపడినవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. మా బావమరిది ఉన్నారంటాడు, ఇద్దరి పేర్లు కూడా చెప్తాడు. అందులో ఒకడికి వాళ్ళ మామ కంపెనీ ఉంది. దాన్ని చదువు ఖాతాలో వెయ్యమంటే నేను వెయ్యను.

మా చిన్నాయన కూతురు టెన్త్ అవ్వగానే పాలిసెట్ రాసి అనంతపురం గవర్నమెంటు పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేరింది. ఏడాది ఫీజు ఐదు వేల లోపే. "ఆడపిల్లకు డిప్లొమా ఏమిటి, ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో వెయ్యి" అని మా చిన్నాయనకు సలహా ఇచ్చింది నేనే. ఆయన దగ్గర డబ్బుల్లేక నా మాట వినలేదు, అదే మంచిదైంది. మూడేళ్ళు అయ్యాక ఈసెట్ రాసి జేఎన్‌టీయూ అనంతపురం కాలేజీలోనే బీటెక్ రెండో ఏడాదిలో చేరింది. 1946లో మద్రాసు గిండీలో మొదలై మన ఊరికి వచ్చిన కాలేజీ అది. ఫ్లెక్సీ కట్టదు కాబట్టి మనవాళ్ళకు ఆనదు. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఎండాకాలంలో నిలబడి చూడండి, వంద శాతం ప్లేస్‌మెంట్లు అని రాయని ఫ్లెక్సీ ఒక్కటైనా ఉంటుందేమో. మీవాడికి ఇంటర్ అయిపోయింది కాబట్టి ఈ దారి మీకు పనికిరాదు. చిన్నది ఎవరైనా ఉంటే మాత్రం పాలిసెట్ సంగతీ, టెన్త్ మార్కుల మీద తీసుకునే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ సంగతీ ఇప్పుడే కనుక్కోండి.

మీవాడి విషయానికొస్తే, 72 వేల ర్యాంకుకు కన్వీనర్ కోటాలో సీటు రాదని ఎవరో భయపెట్టి ఉంటారు. వస్తుంది. 70 శాతం సీట్లు ఆ కోటావే. కోరిన బ్రాంచి, కోరిన ఊరు రాకపోవచ్చు. కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీలు కావాలో పెట్టే ఆప్షన్లు మాత్రం నెట్ సెంటర్‌వాడి చేతిలో పెట్టొద్దు. నా రూమ్మేటు పాస్‌వర్డు ఇచ్చి టీ తాగి వచ్చేలోపల వాడు తనకు కావలసిన కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టేశాడు, ఫ్రీజ్ చేశాడు కూడా. పిల్లల్ని పట్టి తెచ్చే ఆ కాలేజీ పీఆర్వో బయట బైకు మీద కూర్చుని ఉన్నాడట. మీ కొడుకునే మీ ఫోన్లో పెట్టమనండి, ఫోనుకొచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ఇంజనీరింగే కావాలని లేకపోతే అనంతపురంలో 1916 నుంచి ఉన్న ఆర్ట్స్ కాలేజీ ఉంది, నీలం సంజీవరెడ్డి చదివింది అక్కడే. డిగ్రీ అనగానే బంధువులు ముక్కు విరుస్తారు. విరవనీండి, ఫీజు కట్టేది వాళ్ళు కాదు.

పొలం సంగతి. నేను మూడేళ్ళు చేసి ఆ ఉద్యోగం మానేసి వచ్చాను. ఇప్పుడు డ్రిప్ పైపుల పని చేస్తున్నాను, ఈసీఈకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. వెనక్కి రావడానికి మాకు ఆ తోట ఉంది కాబట్టి వచ్చాను. మీ బోరులో నీళ్ళున్నాయో లేవో మీరు రాయలేదు. ఉంటే రెండెకరాలు కాదు, సెంటు కూడా అమ్మొద్దు.

ఆ 34,200 వాపసు వచ్చిందా అని అడుగుతారు. 2017లో 22 వేలకు చెక్కు ఇచ్చారు, మిగతాది ఏవో డ్యూస్ కింద పోయిందన్నారు. చెక్కు కోసం మా నాయనే పోయాడు. అదే క్లర్కు, "ఈసారి కాయలు తేలేదే పెద్దాయనా" అన్నాడట. కాపు లేదప్పా అని చెప్పి వచ్చాడు. ఆ ఏడాది మాకు కాపు బాగానే వచ్చింది.