పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు

మీ నాన్నగారికి జ్వరానికి ఒక మాత్ర, జలుబుకు ఇంకో మాత్ర ఉన్నాయి, పేర్లు వేరు కాబట్టి రెండూ వేయవచ్చా అని అడిగారు. ముందు రెండు స్ట్రిప్పులూ తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. మీరు చదవాల్సింది మిల్లీగ్రాముల పక్కన ఉండే అసలు మందు పేరు. జ్వరం మాత్రల్లో మామూలుగా ఉండే పారాసిటమాల్ చాలా జలుబు మాత్రల్లో కూడా ఉంటుంది. రెండింట్లోనూ అదే కనిపిస్తే డాక్టరునో ఫార్మసిస్టునో అడిగేదాకా కలిపి వేయకండి.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా 24 గంటల్లో పారాసిటమాల్ అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు. బరువు బాగా తక్కువున్నా, లివర్ జబ్బున్నా, మద్యం ఎక్కువగా తాగే అలవాటున్నా అంత కూడా వద్దు. మోతాదు మించితే లివర్ దెబ్బతింటుంది. భయపెట్టే విషయం ఏమిటంటే, మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపించవచ్చు. కాబట్టి ఎక్కువ పడిందని తెలిస్తే, బాగానే ఉన్నారు కదా అని చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మింగలేకపోతున్నారని పొడి చేస్తున్నామన్నారు. పేరు చివర ఎస్‌ఆర్, ఇఆర్, ఎక్స్‌ఆర్ అని ఉంటే దయచేసి అలా చేయకండి. గంటల తరబడి నెమ్మదిగా వదలాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. అదే మందు సిరప్‌గా దొరుకుతుందేమో అడగండి.

ఇంకొకటి, ఆయనకు బీపీ ఉందన్నారు కదా. జలుబు మాత్ర మీద ఫినైలెఫ్రిన్ లేదా సూడోఎఫెడ్రిన్ అని ఉందేమో చూడండి. అవి బీపీని పెంచగలవు. ఉంటే డాక్టరుకు చెప్పి మార్పించండి.