వెండి నాణేల వేటలో పడ్డ మేనల్లుడికి

చి. చిన్నాకి,

అత్త ఆశీస్సులు. మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, "వాడు డాలస్‌లో బ్యాంకుల చుట్టూ తిరిగి చిల్లర ఏరుతున్నాడట, ఉద్యోగం ఉందో ఊడిందో కాస్త కనుక్కో" అని ఒకటే కంగారు. ఉద్యోగం నిక్షేపంలా ఉందని చెప్పి పడుకోబెట్టాను. బ్యాంకులో కాగితం రోల్స్‌గా చుట్టిన చిల్లర తీసుకుని, అందులో పాత వెండి నాణేలు వెతికి, మిగతాది తిరిగిచ్చేసే ఈ పిచ్చి, న్యూజెర్సీ ఎడిసన్‌లో అన్నేళ్ళు బ్యాంకు కౌంటర్‌లో టెల్లర్‌గా చేసిన నాకు తప్ప మనింట్లో ఎవరికీ పట్టలేదు. నీకు పట్టిందంటే ఆ మాత్రం మురిసిపోనా? మురిసిపోయిన కాసేపటికే భయం కూడా వేసింది. అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసే ఉంటాయి కానీ చెప్పకుండా ఉండలేను. 1964 వరకు వచ్చిన డైమ్ (పది సెంట్లు), క్వార్టర్ (పాతిక సెంట్లు), హాఫ్ డాలర్లలో (యాభై సెంట్లు) 90 శాతం వెండి. 1965 చట్టంతో డైమ్, క్వార్టర్లలో వెండి పూర్తిగా పోయింది. హాఫ్ డాలర్‌లో 1970 వరకు 40 శాతం ఉంచారు. 1942 నుంచి 1945 వరకు యుద్ధకాలపు నికెల్స్‌లో (ఐదు సెంట్ల నాణేలు) 35 శాతం ఉంటుంది, వెనకవైపు భవనం బొమ్మ గుమ్మటం మీద పెద్ద అక్షరం ఉంటే అదే. రోల్ విప్పగానే అంచులు చూడు. రాగి గీత స్పష్టంగా కనిపిస్తే మామూలుది. 40 శాతం వాటి అంచు మాసినట్టుగా ఉండి మోసం చేస్తుంది కాబట్టి హాఫ్ డాలర్లకి మాత్రం సంవత్సరం కూడా చదువు.

మొదట హాఫ్ డాలర్లే పట్టుకో. 1963 నవంబరులో కెన్నెడీ పోయాక ఆయన బొమ్మతో వచ్చిన 1964 నాణేన్ని జనం గుర్తుగా దాచుకున్నారు. తర్వాత అవి చేతులు మారడమే తగ్గిపోయింది. వెండి 1964తోనే ఆగిపోయిందనుకుని 1965 నుంచి 70 దాకా వచ్చినవాటిని పట్టించుకోనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఒక్కోదాంట్లో 4.6 గ్రాముల వెండి ఉంటుంది. 1964దైతే 11.25 గ్రాములు, మన పాత తులానికి కాస్త తక్కువ. కానీ ఆశ పెంచుకోకు. 1980 జనవరిలో ఔన్సు వెండి 50 డాలర్ల దగ్గరికి వెళ్ళినప్పుడు జనం సంచులకొద్దీ తెచ్చి కరిగించేశారు. 500 డాలర్ల పెట్టె, అంటే వెయ్యి నాణేలు తిప్పినా ఒక్కటీ రాని రోజులే ఎక్కువ.

కౌంటర్ ఇవతల నిలబడేవాళ్ళకి తెలియని సంగతి ఒకటి చెప్తాను. బ్యాంకుకి వెండి ఎలా వస్తుందనుకున్నావు? చాలాసార్లు ఎవరో పెద్దాయన పోయాక. పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీది డబ్బాని అలాగే తెచ్చి మా ముందు పెట్టేవాళ్ళు. చేత్తో చుట్టిన కాగితం రోల్స్, వాటి మీద వణికే చేతితో పెన్సిల్‌తో వేసిన లెక్కలు. అందుకే మెషీన్ చుట్టిన రోల్స్ కంటే కస్టమర్లు చుట్టి ఇచ్చినవి అడుగు. టెల్లర్ డ్రాయర్‌లో విడిగా పడున్న నాలుగు హాఫ్ డాలర్లనీ వదలకు. శుక్రవారాలు, నెల మొదటి రోజులు వెళ్ళకు, వెనక క్యూ ఉంటే కౌంటర్‌లో ఎంత మంచి పిల్లకైనా విసుగొస్తుంది. తిప్పేసిన చిల్లర మళ్ళీ అదే బ్రాంచిలో గుమ్మరించకు. అంతకంటే అవమానం లేదు వాళ్ళకి. నువ్వు చుట్టి ఇచ్చే రోల్‌లో ఒక్క నాణెం తక్కువ ఉన్నా నీ మొహం గుర్తుపెట్టుకుంటారు.

ఇక మీ నాన్న సంగతి. మీ నాన్న మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చలికి బయటికి వెళ్ళలేక విసుగెత్తిపోతుంటే, ఒక పెట్టె తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. రోజంతా విప్పుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం "ఒరేయ్ ఇదేంటి, దీని మీద ఆవిడెవరో నడుస్తోంది!" అని కేక. వాకింగ్ లిబర్టీ హాఫ్ డాలర్, నడుస్తున్న స్వేచ్ఛాదేవి బొమ్మది. 1938, డెన్వర్ మింట్‌ది (అక్కడి టంకశాల), వెనక కింద చిన్న 'డి' అక్షరం. ఆ ఏడాది అక్కడ కొట్టినవే 5 లక్షల లోపు. పెద్దగా వాడినట్టే లేదు, ఆవిడ గౌను మడతలు కూడా అరగలేదు. అంతటా పల్చటి బూడిదరంగు, అంచు దగ్గర కాస్త బంగారపు ఛాయ. దాన్ని పళ్ళెంలో పెట్టి నేను డ్యూటీకి వెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి అది దేవుడి దగ్గర ఉంది, తళతళలాడుతూ. "వెండి నల్లబడితే లక్ష్మి ఉంటుందా అమ్మా" అని విభూతితో తోమి, మెత్తటి పంచె కొంగుతో తుడిచి, బొట్టు కూడా పెట్టాడు. ఆయన మొహంలో ఆ సంతోషం చూసి నోరు రాలేదు. తర్వాతెప్పుడో నాణేల షాపులో చూపించాను. షాపాయన భూతద్దం పెట్టి నాకూ చూపించాడు: ఆవిడ ఒంటినిండా వెంట్రుకవాసి గీతలు, అన్నీ ఒకే వైపు. తోమకపోతే పలికే ధరలో సగం కూడా చెప్పలేదు. ఆ బూడిదరంగు మురికి కాదురా, అరవై డెబ్భై ఏళ్ళు గాలి తగిలి వెండి మీద ఏర్పడే పొర. ఒకసారి పోతే మళ్ళీ రాదు.

ఈ సంగతి మీ నాన్నకి ఇప్పటికీ తెలియదు. నువ్వూ చెప్పకు. ఆ నాణెం అమ్మను, అది వేరే సంగతి. కానీ నువ్వు మాత్రం విభూతి, టూత్‌పేస్ట్, చింతపండు, సోడా ఏదీ దగ్గరికి రానివ్వకు. చొక్కాతో కూడా తుడవకు. అంచులు పట్టుకుని తియ్యి.

నాకు నిద్రపట్టనివ్వనిది ఇంకొకటుంది. ఒక్కరోజులో 10,000 డాలర్లు దాటిన నగదు వేసినా తీసినా బ్యాంకు ఒక ఫారం నింపుతుంది. నాణేలు కూడా నగదే. ఆ ఫారంతో ఏ ఇబ్బందీ లేదు, నింపనివ్వు. కానీ దాన్ని తప్పించుకోవడానికి ఇవాళ కొంత, రేపు కొంత, అక్కడో ముక్క, ఇక్కడో ముక్క అని విడగొట్టావా, అది నేరం. డబ్బు నీ జీతమే అయినా నేరమే. తెలివైన పిల్లలు ఫారం పేరు వినగానే "అయితే తొమ్మిదివేలే వేస్తాను" అనడం నా చెవులతో విన్నాను. నువ్వు అంత డబ్బు తిప్పవని తెలుసు. అయినా హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడివి, నా భయం నాది. అలాగే దొరికినవి అమ్మడం అలవాటు చేసుకోవాలనుకుంటే ముందు మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడుగు, వీడియోలు చూసి నిర్ణయించుకోకు.

హాఫ్ డాలర్ల పెట్టె పదకొండు కిలోల పైనే ఉంటుంది. అసలే నీకు నడుంనొప్పి, వంగి ఎత్తకు, మోకాళ్ళు మడిచి ఎత్తు. మెత్తటి పీవీసీ కవర్లు కొనకు, కొన్నాళ్ళకి నాణేల మీద పచ్చటి జిడ్డు దిగుతుంది. నా దగ్గర మైలార్ అనే వేరే ప్లాస్టిక్ కవర్లు బోలెడున్నాయి. థ్యాంక్స్‌గివింగ్‌కి వస్తావుగా, అప్పటికి ఇక్కడ బ్యాంకులో ఒక పెట్టె చెప్పి ఉంచుతాను. దొరికినవన్నీ పట్టుకురా, ఏమీ తుడవకుండా.

మీ అత్త