పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: కరెంటు రూల్స్ మారుతుంటే ఆగాలా, ముందుకెళ్ళాలా?

ప్రశ్న: డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని చాలాకాలంగా అనుకుంటున్నాం. సబ్సిడీ ఆగిపోతుందని ఒకరు, నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటుని లైనుకి పంపి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) తీసేస్తారని ఇంకొకరు భయపెడుతున్నారు. కొత్త చట్టం వచ్చాక చూద్దామంటున్నారు మా బావగారు. ఆగమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆగొద్దండి. రూల్స్ నిలకడగా ఉండవన్న మీ భయంలో నిజం లేకపోలేదు. 2020 డిసెంబరులో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చినప్పుడు 10 కిలోవాట్ల వరకే నెట్ మీటరింగ్ అంది, దానిమీద గట్టిగా అభ్యంతరాలు రావడంతో 2021 జూన్‌లో అదే కేంద్రం 500 కిలోవాట్లు లేదా శాంక్షన్డ్ లోడ్ (కనెక్షన్‌కి మంజూరైన లోడ్), ఏది తక్కువైతే అంతవరకు అని మార్చింది. ఆరు నెలల్లో ఇంత తేడా! ఆ మధ్యలో సోలార్‌కి అప్పు తీసుకుందామనుకున్న చిన్న ఫ్యాక్టరీ యజమాని ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఆలోచించండి. కానీ రెండు సార్లూ మీలాంటి 3 కిలోవాట్ల ఇంటికి ఏమీ కాలేదు. పైగా అవే నిబంధనలకి 2024లో చేసిన మార్పుతో 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకి సాంకేతిక పరిశీలన కూడా అక్కర్లేదన్నారు.

సబ్సిడీ సంగతికొస్తే, ఇళ్ళ డాబాల మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు ఉంది, 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు వస్తాయి. ప్యానెళ్ళ మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది కాబట్టి కొటేషన్ పాతదైతే కొత్తది అడగండి. ప్యానెళ్ళే కాదు, వాటిలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే అయితేనే సబ్సిడీ వస్తుంది. ఈ ముక్క వెండర్ చేత కాగితం మీద రాయించుకోండి, నోటిమాట చాలదు.

ఇక నెట్ మీటరింగ్. రేపు ఎప్పుడైనా మారితే ముఖ్యంగా దెబ్బ తగిలేది మీరు గ్రిడ్‌కి, అంటే కరెంటు లైన్లకి, పంపే యూనిట్ల విలువకి. పగలు ఇంట్లోనే వాడుకున్న యూనిట్ లాభం మామూలుగా మీకే దక్కుతుంది. కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు లెక్కేస్తే 3 కిలోవాట్లకి నెలకి 300కి పైగా వస్తాయి. మీ ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని అంత వాడుతున్నారా లేదా చూడండి. వాడకం 150 దాటకపోతే 2 కిలోవాట్లే చాలు, దానికీ 60,000 సబ్సిడీ ఉంది. డిస్కంతో (కరెంటు పంపిణీ కంపెనీతో) చేసుకునే నెట్ మీటరింగ్ ఒప్పందంలో కాలపరిమితి ఎంతో చదివాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: మా షాపుకి స్మార్ట్ మీటర్ పెట్టారు. సాయంత్రం రేటు ఎక్కువ వేస్తారట, లోడ్ దాటితే పాత నెలలకి కూడా ఫైన్ వేస్తారట, నిజమేనా?
– ఒక వ్యాపారి, విశాఖపట్నం

జవాబు: రెండోది నిజం కాదు. కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలకి 2023 జూన్‌లో చేసిన సవరణలో స్పష్టంగా ఉంది: స్మార్ట్ మీటర్‌లో కనిపించిన గరిష్ఠ డిమాండ్ (ఒకేసారి వాడిన అత్యధిక లోడ్) చూపించి, మీటర్ పెట్టకముందు కాలానికి జరిమానా వేయకూడదు. ఏడాదిలో కనీసం మూడు సార్లు దాటితేనే శాంక్షన్డ్ లోడ్ పెంచాలి. ఎవరైనా వేస్తే ఈ నిబంధన పేరు రాసి లిఖితంగా ఫిర్యాదు ఇవ్వండి.

మొదటిదానిలో సగం నిజం ఉంది. అదే సవరణ ప్రకారం ఎండ ఉండే ఎనిమిది గంటల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ, పీక్ గంటల్లో (వాడకం బాగా ఎక్కువుండే సమయంలో) వ్యాపారాలకి కనీసం 20 శాతం, ఇళ్ళకి కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. వ్యవసాయానికి ఇది వర్తించదు. అయితే ఏ గంటలు, ఎంత రేటు అన్నది తేల్చేది మన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ. ఢిల్లీలో ప్రకటన వచ్చినంత మాత్రాన మీ బిల్లు మారదు, ఈఆర్‌సీ టారిఫ్ ఆర్డర్‌లో (రేట్ల ఉత్తర్వులో) మీ కేటగిరీ దగ్గర ఏముందో చూడండి.

ప్రశ్న: కొత్త విద్యుత్ సవరణ బిల్లు వస్తే రైతుల ఉచిత కరెంటు పోతుందా?
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: 2025 అక్టోబరులో కేంద్రం విడుదల చేసింది ముసాయిదా మాత్రమే. 2014లో ఒక బిల్లు, 2022లో ఇంకొకటి పార్లమెంటుకి వచ్చి చట్టం కాకుండానే మురిగిపోయాయి. ఉచిత కరెంటుకి ఆధారం 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్, రాష్ట్రం ఎవరికైనా సబ్సిడీ ఇవ్వాలనుకుంటే ఆ సొమ్ము డిస్కంకి ముందుగా కట్టి ఇవ్వొచ్చు. దాన్ని తీసేయబోమని కేంద్రం అంటోంది.

అలాగని మీ అనుమానం కొట్టిపారేసేది కాదన్నా. పరిశ్రమలు, రైల్వేలు, మెట్రోల మీద వేస్తున్న క్రాస్ సబ్సిడీని ఐదేళ్ళలో తీసేయాలని ఆ ముసాయిదాలో ఉంది. ఇన్నాళ్ళూ వాళ్ళు ఎక్కువ కడుతుంటే చిన్న వాడకందారులకి తక్కువ పడుతోంది, ఆ డబ్బు ఆగితే లోటు రాష్ట్ర ఖజానా మీద పడుతుంది లేదా మిగతా వాళ్ళ బిల్లు మీద పడుతుంది. ఖజానా ఎన్నేళ్ళు మోస్తుంది? ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా బిల్లు పాస్ చేయడం తప్పని నా గట్టి అభిప్రాయం. విద్యుత్తు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి రాష్ట్రాలు కూడా దీన్ని గట్టిగా అడగాలి.

మీరు కూడా అడగొచ్చు. డిస్కంలు ఏటా నవంబరు చివరికల్లా వచ్చే ఏడాది ఖర్చుల లెక్కలు ఈఆర్‌సీకి ఇవ్వాలి, ప్రజల అభ్యంతరాలు విన్నాకే ఆర్డర్ ఇవ్వాలని అదే చట్టంలోని 64వ సెక్షన్ చెబుతోంది. లాయరు అక్కర్లేదు, తెలుగులో రాసినా చాలు. పేపర్లో ప్రకటన పడగానే చివరి తేదీ చూసుకుని, సర్వీస్ నంబరుతో పోస్టులో పంపండి. మాట్లాడాలనుకుంటే బహిరంగ విచారణలో మాట్లాడతానని ఆ ఉత్తరంలోనే రాయండి.