యోగా టీచరుగా బతుకుదెరువు: ముందు గంటల లెక్క చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. మా అమ్మాయి ఈ ఏడాదే బీఎస్సీ పూర్తి చేసింది. హైస్కూలు రోజుల నుంచి యోగా చేస్తోంది, యోగాసన పోటీల్లో పతకాలు కూడా తెచ్చింది. బీఎడ్ చేయమంటే వద్దంటోంది, యోగా టీచరునే అవుతానంటోంది. ఒక శిక్షణ సంస్థ 200 గంటల కోర్సుకు లక్ష రూపాయలకు పైగా అడుగుతోంది. అంతర్జాతీయ సర్టిఫికెట్ వస్తుందని, విదేశాల్లో ఉద్యోగాలు ఉంటాయని చెబుతున్నారు. ఇది నిలబడే బతుకుదెరువేనా? రేపు పెళ్లయితే ఏం చేస్తుంది?

జవాబు: నిలబడుతుంది. అయితే ఆ సంస్థవారు చూపిస్తున్న దారిలో వెళితే మాత్రం నాకు అనుమానమే. లక్ష రూపాయల సంగతి తర్వాత మాట్లాడదాం. మీరు రోజూ లెక్కలు రాసేవారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

యోగా నేర్పేవారికి రోజంతా పని దొరకదు. జనం వచ్చేది ఉదయం అయిదు నుంచి ఎనిమిది దాకా, మళ్లీ సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా. మొత్తం అయిదు గంటలు. కిరాణా దుకాణంలా పొద్దుటి నుంచి రాత్రి దాకా తలుపులు తీసి కూర్చుంటే గిరాకీ పెరిగే వ్యాపారం కాదిది. లెక్క కోసం ఒక బ్యాచ్‌లో పన్నెండు మంది ఉన్నారని, ఒక్కొక్కరు నెలకు 800 రూపాయలు ఇస్తున్నారని అనుకుందాం. బ్యాచ్‌కు 9,600, రెండు బ్యాచ్‌లకు 19,200 వస్తుంది. హాలు అద్దె, కరెంటు, పెట్రోలు కలిపి అయిదు వేలు తీసేస్తే చేతికి మిగిలేది పద్నాలుగు వేల చిల్లర.

అది కూడా పన్నెండు నెలలూ రాదు. మే నెలలో మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, పైగా పిల్లలకు సెలవులని సగం మంది ఊళ్లకు పోతారు. మాఘంలో పెళ్లిళ్లు. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి దసరా దాకా ఆడవాళ్ల బ్యాచ్ ఖాళీ. మేడారం జాతర వచ్చిన ఏడాది ఆ వారం హాలుకు తాళమే. ఏడాదికి పది నెలల ఆదాయమే అనుకుని ఖర్చులు పెట్టుకోవాలి. నెల నెలా ఫీజు వసూలు చేసే టీచర్లు ఇక్కడే దెబ్బతింటారు. మూడు నెలల ఫీజు ఒకేసారి తీసుకునే అలవాటు మొదటి రోజు నుంచే చేయాలి. మధ్యలో మొదలుపెడితే మొహమాటం అడ్డొస్తుంది.

ప్రభుత్వం వైపు చూసినా పెద్ద భరోసా లేదు. ఆయుష్ ఆరోగ్య కేంద్రాల్లో పార్ట్ టైమ్ యోగా శిక్షకులకు సెషన్‌కు 250 రూపాయల లెక్క పెట్టారు. పురుష శిక్షకుడికి నెలకు 32 సెషన్లు, 8 వేలు. మహిళా శిక్షకురాలికి 20 సెషన్లు, 5 వేలు. గంటకు అదే ధర ఇచ్చి, గంటలు మాత్రం ఆడపిల్లకు తక్కువ ఇవ్వడం నాకు ఏ రోజూ మింగుడుపడలేదు. ఇలాంటిది దొరికితే వదులుకోవద్దు, అనుభవం పత్రంగా పనికొస్తుంది. దాన్నే ఉద్యోగం అనుకుంటే మాత్రం ఇల్లు గడవదు.

కాబట్టి అసలు ప్రశ్న గంటలు పెంచడం ఎలాగని కాదు, ఉన్న గంట విలువ పెంచడం ఎలాగని. భద్రకాళి బండ్ మీదో, పబ్లిక్ గార్డెన్‌లోనో తెల్లవారుజామున చాప పరచుకుని నేర్పేవారు ఇప్పటికే ఉన్నారు, చాలామంది ఉచితంగానే నేర్పుతారు. వాళ్లతో మీ అమ్మాయి పోటీ పడితే ఫీజు అడగడమే కష్టమవుతుంది. ఎవరూ పట్టించుకోని వేళ ఒకటుంది. పిల్లలు బడికి, భర్త పనికి వెళ్లాక, వంట పూర్తయ్యాక, పదిన్నర నుంచి పదకొండున్నర. అపార్ట్‌మెంట్లలో నలభై దాటిన గృహిణులకు తీరిక దొరికేది అప్పుడే. ఉదయం అయిదింటికి రమ్మంటే వాళ్లు రాలేరు. మగ టీచరు దగ్గరకు వెళ్లడానికీ చాలామంది వెనకాడతారు. మీ అమ్మాయికి ఇక్కడ సహజంగానే చోటుంది. అపార్ట్‌మెంట్ సంఘాన్ని అడిగితే కమ్యూనిటీ హాలు పగటిపూట ఖాళీగానే ఉంటుంది, అద్దె భారమూ తగ్గుతుంది. చలికాలం చీకట్లో ఆమె ఒంటరిగా స్కూటీ మీద వెళ్లాల్సిన పనీ ఉండదు. మీ ఉత్తరంలో రాయకపోయినా ఆ బెంగ మీకు ఉండే ఉంటుంది.

రెండోది ఇంటికి వెళ్లి పెద్దవాళ్లకు నేర్పడం. వరంగల్, కరీంనగర్ వైపు పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్లు ఎన్నో మీకూ తెలుసు. అమ్మానాన్నల కోసం నమ్మకమైన మనిషి దొరికితే ఆ పిల్లలు బేరమాడరు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఆన్‌లైన్‌లో నేర్పడానికీ వీలుంది. మన ఉదయం అయిదున్నర అంటే అక్కడి తూర్పు తీరంలో ముందురోజు రాత్రి, వాళ్ల వేసవిలో ఎనిమిది, చలికాలంలో ఏడు. ఆఫీసు నుంచి వచ్చి తీరిగ్గా కూర్చునే సమయం. కాకపోతే ఆ గంట ఇస్తే ఇక్కడి ఉదయం బ్యాచ్ ఒకటి వదులుకోవాలి. మొదటి ఏడాది ఆన్‌లైన్ జోలికి పోవద్దంటాను. ఎదురుగా ఉన్న మనిషి నడుము ఎక్కడ పట్టేస్తోందో చూడటం రాకముందే ఫోను తెరలో చూసి సరిదిద్దడం కుదిరే పని కాదు.

ఇక్కడే పోటీల పతకాల సంగతి చెప్పాలి. యోగాసనాన్ని కేంద్ర క్రీడాశాఖ 2020 డిసెంబరులో పోటీ క్రీడగా గుర్తించింది. పిల్లలకు కోచ్‌గా, పోటీల న్యాయనిర్ణేతగా ఎదగాలంటే ఆ పతకాలు పనికొస్తాయి. మామూలు తరగతిలో మాత్రం అవి అడ్డం రాకుండా చూసుకోవాలి. ఆమె దగ్గరకు వచ్చేవారు వృశ్చికాసనం లాంటి కష్టమైన ఆసనాలు నేర్చుకోవడానికి రారు. యాభై అయిదేళ్ల ఆవిడ వస్తుంది. మోకాళ్లు నొప్పి, నేల మీద కూర్చుంటే లేవలేదు. బీపీకి మాత్ర వేసుకుంటుంది, అడిగితే తప్ప చెప్పదు. ఆమెను గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టాలి. చేతులు పైకెత్తమంటే ఊపిరి బిగబడుతుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి. ‘ఊపిరి వదలండమ్మా’ అని పదిసార్లు నెమ్మదిగా చెప్పాలి. ఊపిరిని వేగంగా బయటికి కొట్టే కపాలభాతి ఆమెకు వద్దు. గ్లకోమా ఉన్నవారికి తల కిందికి పోయే ఆసనాలు వద్దు. హెర్నియా, గర్భం, వెన్నుపూస డిస్కు సమస్య ఉన్నవారికి ఏవి వద్దో నోటికి వచ్చి ఉండాలి. చేరినప్పుడే ఒక కాగితం మీద ఈ వివరాలు రాయించుకుని సంతకం తీసుకోవాలి. ‘షుగర్ మాత్రలు మానేయండి, యోగాతో తగ్గిపోతుంది’ అనే మాట ఆమె నోట ఎప్పుడూ రాకూడదు. ఆ మాట చెప్పి బ్యాచ్‌లు నింపుకునేవారు ఉన్నారు, ఒక్క మనిషి ఆసుపత్రి పాలైతే చాలు, ఊళ్లో ఆ పేరు పోదు.

ఈ పని ఆమెకు నచ్చుతుందా? ఆసనాలు వేయడం నచ్చుతుందని మనకు తెలుసు, నేర్పడం నచ్చుతుందో లేదో ఇంకా ఆమెకే తెలియదు. డబ్బు కట్టకముందే తేల్చుకోవచ్చు. మీ వాడలోనే ఆరుగురు ఆడవాళ్లను పోగు చేయమనండి. నామమాత్రపు ఫీజు పెట్టి మూడు నెలలు, వారానికి అయిదు రోజులు నేర్పమనండి. ఉచితం వద్దు, ఉచితమైతే వాళ్లు రాకపోయినా అడగడానికి వీలుండదు. మూడో నెలలో ఆరుగురిలో నలుగురు మిగిలి, ఆమెకు విసుగు రాకపోతే మీరు నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు.

సర్టిఫికెట్ల విషయానికొస్తే, 200 గంటల అంతర్జాతీయ సర్టిఫికెట్ అని వాళ్లు అంటున్నది చాలావరకు యోగా అలయన్స్ పేరు. అది అమెరికాలోని ఒక ప్రైవేటు సంస్థ. స్కూళ్లను, టీచర్లను నమోదు చేసుకుంటుంది, అంతే. అది వీసా ఇవ్వదు, ఉద్యోగం ఇవ్వదు. అక్కడి స్టూడియోలు దాన్ని అడుగుతాయన్నది నిజమే, కానీ అక్కడికి వెళ్లాక వచ్చే ప్రశ్న అది. మన దేశంలో ముందు చూడాల్సింది ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద పనిచేసే యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు. ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, టీచర్ అండ్ ఎవాల్యుయేటర్, మాస్టర్ అని వరసగా మెట్లుంటాయి. చికిత్సగా నేర్పేవారికి యోగా థెరపీ పరీక్షలు వేరే ఉన్నాయి. రాత పరీక్షతో పాటు ప్రాక్టికల్ ఉంటుంది. ఏళ్ల తరబడి సాధన చేసిన అమ్మాయికి మొదటి రెండు మెట్లు కొండలేమీ కావు.

వాటికన్నా విలువైనది ఏడాది డిప్లొమా. కేంద్రీయ విద్యాలయాలు సాధారణంగా ఏటా కాంట్రాక్టు మీద యోగా టీచర్లను తీసుకుంటాయి. అక్కడ అడిగేది డిగ్రీ, గుర్తింపు పొందిన సంస్థలో ఏడాది యోగా శిక్షణ. డిగ్రీ ఆమె చేతిలో ఉంది, లేనిది ఆ ఏడాదే. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి యోగా విభాగం ఉంది. బెంగళూరు దగ్గరి ఎస్-వ్యాస యోగా విశ్వవిద్యాలయం, స్వామి కువలయానంద 1924లో లోనావాలాలో స్థాపించిన కైవల్యధామ, ఢిల్లీలోని మొరార్జీ దేశాయ్ జాతీయ యోగా సంస్థ కూడా చూడండి. ఫీజులు, హాస్టలు, ప్రవేశాల తేదీలు ఆయా సంస్థల నుంచే తెలుసుకోండి. ఆ తర్వాత యోగాలో ఎమ్మెస్సీ చేస్తే, లెక్చరర్ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో యోగా 2017 నుంచి ఒక సబ్జెక్టుగా ఉంది, లెక్చరర్ దారి తెరుచుకుంటుంది. బీఎన్‌వైఎస్ అని ప్రకృతి వైద్యం, యోగా కలిపి నేర్పే అయిదున్నరేళ్ల వైద్య కోర్సు కూడా ఉంది. ప్రవేశాల ప్రకటన ఇచ్చేది మన వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమే. డిగ్రీ అయ్యాక మళ్లీ అంత కాలం చదివించడం మీ ఇంటికి భారమేమో ఆలోచించండి, నేనైతే ఆమెకు దాన్ని సూచించను. విదేశాల మోజు తీరనంటే, విదేశాల్లోని భారత సాంస్కృతిక కేంద్రాలకు ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) యోగా శిక్షకులను పంపుతుంది. అది అనుభవం, చదువు ఉన్నవారికి, ఇప్పుడే కాదు.

ఇక శరీరం. ఇది మీకన్నా ఆమె చదవాల్సిన భాగం. రోజుకు నాలుగు బ్యాచ్‌లు తీసుకుని ప్రతి ఆసనమూ తానే వేసి చూపిస్తే రెండు మూడేళ్లకే తొడ వెనక కండరం పిరుదు దగ్గర నొప్పి పెట్టడం మొదలవుతుంది. ఒళ్లు బాగా వంగేవారికే ఇది ఎక్కువ. గొంతు కూడా పోతుంది. మాటతో నేర్పడం, బ్యాచ్‌లో బాగా చేసే ఒకరిని ముందు నిలబెట్టి చూపించడం అలవాటు చేసుకోవాలి. బ్యాచ్‌ల మధ్య నడుం వాల్చే గంట ఉండాలి, వారంలో ఒక రోజు పూర్తిగా సెలవు. తన సాధన తరగతికి బయట, వేరుగా జరగాలి. నేర్పేటప్పుడు చేసింది సాధన కిందికి రాదు, ఎందుకంటే అప్పుడు కన్ను ఇతరుల మీదే ఉంటుంది. నేర్పడం మొదలయ్యాక సొంత సాధన మానేసిన టీచర్లే ముందుగా విసుగెత్తి వదిలేయడం చూశాను. రోజుకు మూడు బ్యాచ్‌లు, వారానికి రెండు మూడు పూటలు ఏదైనా ప్రైవేటు బడిలో క్లాసులు, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ల ఇళ్లు. ఇంతకు మించి ఒప్పుకోవద్దని చెప్పండి, డబ్బు వస్తున్నా సరే.

పెళ్లి సంగతి అడిగారు. చదువు, చేతి పని ఆమెతోనే వెళ్తాయి. పేరు, బ్యాచ్‌లు మాత్రం హనుమకొండలోనే ఉండిపోతాయి. గోదావరిఖనికో, నిజామాబాద్‌కో వెళితే మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి, ఏడాది పడుతుంది. అందుకే డిప్లొమా, బోర్డు పరీక్ష పెళ్లికి ముందే పూర్తవడం మంచిది. ఏ ఊళ్లోనైనా బడి తలుపు తట్టడానికి ఆ కాగితాలే ఆధారం. ఇంటికి వెళ్లి నేర్పే రెండు కుటుంబాలను ఫోను ద్వారా కొనసాగించవచ్చు, కొత్త ఊళ్లో మొదటి నెలలు వాటితో గడుస్తాయి. సంబంధాలు చూసేటప్పుడు ‘ఉదయం, సాయంత్రం బయటికి వెళ్లి పనిచేస్తుంది’ అని ముందే చెప్పండి. ఆ రెండు వేళలే ఆమె సంపాదన, అత్తవారింట్లో ఎక్కువ పని ఉండే వేళలు కూడా అవే.

బీఎడ్ గురించి పట్టుబట్టకండి, అలాగని తలుపు మూసేయకండి. బడిలో స్థిరపడాలని రెండేళ్ల తర్వాత ఆమెకే అనిపిస్తే అప్పుడు చేస్తుంది, బలవంతంగా చేసిన బీఎడ్ ఎవరికీ పనికిరాదు.

జూన్ 21, అంతర్జాతీయ యోగా దినోత్సవం దగ్గర పడితే ఆమెకు ఫోన్లు వస్తాయి. కాలేజీలు, బ్యాంకులు, కార్యాలయాలు అన్నీ పిలుస్తాయి, దాదాపు అందరూ ఉచితంగానే. వెళ్లమనండి. ఆ రోజు అందరూ చేసే నలభై అయిదు నిమిషాల ఆసనాల వరస, కామన్ యోగా ప్రోటోకాల్ చేయించి, జులై ఒకటి నుంచి మొదలయ్యే బ్యాచ్ వేళలు, ఫీజు రాసిన కాగితం అక్కడే పంచి, ఆసక్తి ఉన్నవారి ఫోను నంబర్లు తీసుకోమనండి.

ఆ సంస్థవారు మళ్లీ ఫోన్ చేస్తే మూడు సంగతులు అడగండి. వారి సర్టిఫికెట్‌తో కేంద్రీయ విద్యాలయంలో దరఖాస్తు చేయవచ్చా? పోయిన ఏడాది చదివినవారిలో ముగ్గురితో మాట్లాడించగలరా? మధ్యలో మానేస్తే ఎంత డబ్బు తిరిగి ఇస్తారు? జవాబులు కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే ఆ లక్షను డిప్లొమా ఫీజుకు, హాస్టలుకు ఉంచండి, మిగిలినదాంతో పది మంచి చాపలు, నాలుగు చేతుల్లేని గట్టి కుర్చీలు కొనివ్వండి.